వ్యాయామ యాప్‌ను ఏఐ సహాయకుడికి కలిపే ముందు బార్ బరువు సంగతి తేల్చుకోండి

రెండేళ్లుగా యాప్‌లో రాసుకున్న జిమ్ లాగ్‌ను (ఏ రోజు ఏ వ్యాయామం ఎంత బరువుతో చేశారన్న చిట్టాను) ఏఐ సహాయకుడికి కలిపితే అది కోచ్‌లాగా సలహా ఇవ్వగలదా, ఎలా కలపాలి, అందులో ప్రమాదమేమైనా ఉందా అని నెల్లిమర్ల నుంచి మీరు అడిగారు. నేను శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక చిన్న జిమ్‌లో నాలుగేళ్లుగా సాధన చేస్తున్నాను. ఏడాదిగా నా లాగ్‌ను ఇలాగే కలిపి వాడుతున్నాను. కలపడం ఒక సాయంత్రం పని. ఆ లాగ్‌ను సరిగ్గా చదవడానికి వీలుగా సరిచేయడానికి మాత్రం నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ పని ముందుగా చేయనందువల్ల నడుము పట్టేసి పది రోజులు జిమ్ మానుకోవలసి వచ్చింది. అందుకే కలిపే పద్ధతిని క్లుప్తంగా చెప్పి, లాగ్ గురించి ఎక్కువగా రాస్తాను.

ఏఐ సహాయకులు బయటి యాప్‌లలోని సమాచారాన్ని అందుకోవడానికి మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. అందరూ దాన్ని ఎంసీపీ అంటారు. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో దీన్ని విడుదల చేసింది. 2025 మార్చిలో ఓపెన్‌ఏఐ కూడా దీన్ని స్వీకరిస్తున్నట్లు ప్రకటించింది. ఇందులో సహాయకుడికీ మీ యాప్‌కూ మధ్య ఎంసీపీ సర్వర్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి పనిచేస్తుంది. గత నెలలో నా స్క్వాట్ (ప్లేట్లు తగిలించిన ఇనుప కడ్డీని, అంటే బార్‌ను, భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే వ్యాయామం) ఎలా సాగిందని మీరు అడిగితే, సహాయకుడు ఆ ప్రోగ్రాంను పిలుస్తాడు. ప్రోగ్రాం మీ ఏపీఐ కీతో (ఏపీఐ అంటే వేరే ప్రోగ్రాంలు యాప్ నుంచి సమాచారం తీసుకునే దారి, కీ అంటే దానికి తాళంచెవి లాంటి రహస్య సంకేతం) యాప్ నుంచి లాగ్‌ను తెచ్చి అతని ముందు పెడుతుంది, దాన్ని చదివి అతను జవాబు చెబుతాడు. సొంత కంప్యూటర్‌లో నడిపే సర్వర్ అయితే, క్లాడ్ డెస్క్‌టాప్ (ఆంత్రోపిక్ వారి సహాయకుడిని కంప్యూటర్‌లో వాడే ప్రోగ్రాం) వంటి దానిలోని సెట్టింగుల జేసన్ ఫైల్‌లో (సెట్టింగులను రాసిపెట్టే ఒక రకం టెక్స్ట్ ఫైల్) ఆ సర్వర్ పేరు, దాన్ని నడిపే ఆదేశం, మీ కీ రాసి, ప్రోగ్రాంను మూసి మళ్లీ తెరిస్తే సరిపోతుంది.

అయితే ఇది మీ యాప్ మీద ఆధారపడి ఉంటుంది. జిమ్ లాగ్ రాసుకునే హెవీ యాప్ డబ్బు కట్టే ప్రో సభ్యులకు ఏపీఐ కీ ఇస్తుంది. పరుగు, సైక్లింగ్ నమోదు చేసుకునే స్ట్రావా యాప్ 2024 నవంబరులో తన ఏపీఐ నిబంధనలను మార్చి, దాని ద్వారా తీసుకున్న సమాచారాన్ని ఏఐ మోడళ్ల కోసం వాడకూడదని ఇతర యాప్‌ల తయారీదారులకు షరతు పెట్టింది. కాబట్టి పరుగు, సైక్లింగ్ లాగ్‌ను కలపాలనుకునేవారు ఆ నిబంధనలు చదివిన తరువాతే ముందుకు వెళ్లాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆరోగ్య, వ్యాయామ యాప్‌ల సమాచారాన్ని ఒకచోట చేర్చే హెల్త్ కనెక్ట్ ఆ సమాచారాన్ని ఫోన్‌లోనే దాచుతుంది కనుక కంప్యూటర్‌లోని సహాయకుడు దాన్ని నేరుగా అందుకోలేడు. ఏపీఐ లేని యాప్ అయినా సీఎస్‌వీ ఫైల్‌గా (ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా పట్టికగా) లాగ్‌ను బయటికి ఇచ్చే సౌకర్యం ఉంటే, ఆ ఫైల్‌ను సంభాషణలో జోడించి ప్రశ్నలు అడగవచ్చు. నా సలహా ఏమిటంటే మీరు మొదటి నెల అంతా ఈ సీఎస్‌వీ పద్ధతిలోనే గడపండి. కీ ఇవ్వనవసరం లేదు, సహాయకుడు మీ యాప్‌లో దేన్నీ మార్చలేడు, మీ లాగ్‌లోని లోపాలన్నీ అందులోనే బయటపడతాయి.

ఇక నాకు జరిగినది చెబుతాను. మా కోచ్ గారు యాప్ వాడరు. ఆయన దగ్గర గీతల పొడుగు నోట్‌బుక్ ఒకటి ఉంటుంది, అందులో నా స్క్వాట్ ఎప్పుడూ '20+15+15' అని ఉంటుంది. మొదటి అంకె బార్ బరువు, మిగిలిన రెండూ ఇటు ఒకటి అటు ఒకటి వేసిన ప్లేట్లు. నేను మాత్రం యాప్‌లో ప్లేట్ల బరువే లెక్కగట్టి 30 అని రాసేవాణ్ణి. ఒకరోజు పక్కన సాధన చేసే మిత్రుడు బార్‌ను కూడా కలపాలని చెప్పడంతో, ఆ రోజు నుంచి అదే బరువును 50 అని రాయడం మొదలుపెట్టాను. పాత లెక్కలను దిద్దలేదు, దిద్దాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఆ తరువాత కొన్నాళ్లకు లాగ్‌ను సహాయకుడికి కలిపాను. ఒక్క రెప్‌లో (రెప్ అంటే వ్యాయామాన్ని ఒకసారి చేయడం) ఎత్తగల గరిష్ఠ బరువును అంచనా వేయడానికి ఎప్లీ సూత్రం ఉంది: ఎత్తిన బరువును, రెప్స్‌ను 30తో భాగించి 1 కలిపిన విలువతో గుణించాలి. ఆ లెక్కన 30 కిలోలు ఆరు రెప్స్ చేస్తే అంచనా 36 కిలోలు, 50 కిలోలు ఆరు రెప్స్ చేస్తే 60 కిలోలు. నా బలం ఒక్క వారంలో 36 నుంచి 60కి పెరిగినట్లు అతనికి కనిపించింది. నేను చాలా వేగంగా ఎదుగుతున్నానని చెప్పి, వారానికి ఐదేసి కిలోలు పెంచుకుంటూ పోయే ప్రణాళిక రాసిచ్చాడు. నిజానికి నేను రెండు నెలలుగా ఆ 50 దగ్గరే ఆగి ఉన్నాను. ఆ సంగతి నాకు తెలిసి కూడా, అంకెలతో సహా చక్కగా రాసిన ప్రణాళిక చూసి నమ్మేశాను. 65 కిలోల రోజున నాలుగో రెప్‌లో కిందికి దిగి పైకి లేస్తుండగా నడుము పట్టేసింది. మా కోచ్ గారు వచ్చి బార్ అందుకున్నారు. ఆయన నన్నేమీ అనలేదు, నోట్‌బుక్ తెరిచి ఆ ప్రణాళికకు ముందరి రెండు నెలల పుటలు చూపించారు. అన్నిటిలోనూ అదే '20+15+15'.

తప్పు సహాయకుడిది అనలేను. అతనికి అందినవి అంకెలు మాత్రమే. ఆ అంకెల్లో బార్ ఉందో లేదో వాటిని చూసి తెలుసుకునే మార్గం లేదు. ఎత్తిన బరువులో బార్‌ను కూడా కలపాలన్న విషయంలో మన ప్రాంతం వారికి వేరే ఉదాహరణ అక్కరలేదు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో సాధన మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి గారు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ అంకెలన్నీ బార్‌తో సహా లెక్కించినవే. మీకు దగ్గరలోనే ఉన్న కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ చేసే పిల్లల్ని అడిగినా ఇదే చెబుతారు. బార్ కూడా అన్నిచోట్లా 20 కిలోలు ఉండదు. పోటీల్లో మహిళల బార్ 15 కిలోలు, చిన్న జిమ్‌లలో అంతకన్నా తేలికైనవి కూడా ఉంటాయి. మీ జిమ్‌లోని బార్‌ను ఒకసారి కాటా మీద పెట్టి తూచి, ఆ అంకెను రాసిపెట్టుకోండి.

డంబెల్స్ విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. రెండు చేతుల్లో పన్నెండున్నర కిలోల చొప్పున పట్టుకున్నప్పుడు కొన్ని రోజులు 12.5 అనీ, కొన్ని రోజులు 25 అనీ రాశాను. వార్మప్ సెట్లను (ఒళ్లు వేడెక్కడానికి ముందుగా తేలిక బరువుతో చేసేవి) మామూలు సెట్లుగా నమోదు చేశాను, దానితో సగటు బరువు తగ్గిపోయింది. ఒకే వ్యాయామాన్ని మూడు పేర్లతో సృష్టించుకున్నాను కనుక దాని చరిత్ర మూడు ముక్కలైంది. ఈ శుభ్రం చేసే పనిలోనే సహాయకుడు నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడ్డాడని చెప్పాలి. 'ఒకే వ్యాయామానికి వేర్వేరు పేర్లు ఉన్నట్లు అనిపిస్తే జాబితా ఇవ్వు, వారంలో పది శాతానికి మించి బరువు మారిన చోట్లను తేదీలతో చూపించు' అని అడిగితే పది నిమిషాల్లో నాకు ముప్పైకి పైగా వరుసలు చూపించాడు. ఒక్కొక్కటీ కోచ్ గారి నోట్‌బుక్‌తో సరిచూసి నేనే దిద్దాను.

మరొక జాగ్రత్త తప్పనిసరిగా తీసుకోండి. ఏపీఐలు సాధారణంగా లాగ్‌ను పేజీలుగా పంపుతాయి. ఒకసారి మూడు నెలల సారాంశం అడిగితే, నా సహాయకుడు మొదటి పేజీలో వచ్చిన పది జిమ్ సెషన్లనే చదివి మూడు నెలలకూ వర్తించేట్లు రాశాడు. అప్పటి నుంచి ప్రతి ప్రశ్న చివర, ఎన్ని సెషన్లు చదివావు, మొదటి తేదీ ఏది, చివరి తేదీ ఏది అని అడుగుతున్నాను. మొత్తాలు, సగటులు కావలసినప్పుడు నోటి లెక్క కాకుండా కోడ్ రాసి లెక్కించమని చెబుతున్నాను, ఎందుకంటే పొడవైన జాబితాలను కూడేటప్పుడు ఈ మోడళ్లు పొరపడతాయి.

కీ విషయానికొస్తే, దాన్ని ఏటీఎం పిన్ లాగా చూసుకోండి. సంభాషణలో అతికించకండి, సెట్టింగుల ఫైల్ స్క్రీన్‌షాట్ ఎవరికీ పంపకండి, బయటపడిందని అనుమానం వస్తే వెంటనే రద్దు చేసి కొత్తది తీసుకోండి. ప్రోగ్రాంల కోడ్‌ను అందరూ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఔత్సాహికులు తయారుచేసిన సర్వర్లు చాలా ఉన్నాయి. అవి మీ కంప్యూటర్‌లో నడిచేవైతే కోడ్ తెలిసినవారి చేత ఒకసారి చదివించి వాడవచ్చు. కీ ఇస్తే చాలు, మా సర్వర్‌లో అంతా మేమే చూసుకుంటామనే ముక్కూమొహం తెలియని సైట్లకు మాత్రం ఇవ్వవద్దు. లాగ్‌లో మీ శరీర బరువు, గాయాల గురించి రాసుకున్న మాటలు, మీరు రోజూ ఏ వేళకు జిమ్‌లో ఉంటారన్న వివరం కూడా ఉంటాయి.

చదివే అనుమతి, రాసే అనుమతి వేరువేరుగా ఇవ్వగలిగితే మొదట చదివేది మాత్రమే ఇవ్వండి. నేను రెండూ ఇచ్చినప్పుడు, ఉన్న రొటీన్‌లో (యాప్‌లో ముందుగా పేర్చి పెట్టుకున్న వ్యాయామాల జాబితాలో) ఒక వ్యాయామం చేర్చమంటే సహాయకుడు ఆ రొటీన్ మొత్తాన్నీ కొత్తగా రాసి, నేను పెట్టుకున్న విశ్రాంతి సమయాలు, గమనికలు తుడిచేశాడు. ఇప్పుడు కొత్త రొటీన్ సృష్టించడానికి తప్ప, ఉన్నదాన్ని సవరించడానికి నేను ఒప్పుకోవడం లేదు. సర్వర్ ఏదైనా పని చేసే ముందు అనుమతి అడిగినప్పుడు 'ఎప్పుడూ అనుమతించు' అన్నది నొక్కకుండా ప్రతిసారీ చదివి ఒప్పుకుంటున్నాను.

కోచ్‌లాగా సలహా ఇవ్వగలదా అన్న మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: గత ఆరు వారాల్లో మీరు ఏ కండరాన్ని నిర్లక్ష్యం చేశారో, ఏ వ్యాయామంలో బరువు కదలకుండా ఆగిందో అతను బాగా చెబుతాడు. మీ మోకాళ్లు లోపలికి వంగుతున్నాయనీ, రాత్రి నిద్రలేక ముఖం పీక్కుపోయిందనీ అతనికి కనిపించదు. అందుకే అతను ఇచ్చిన సారాంశాన్ని అచ్చువేయించి ప్రతి ఆదివారం కోచ్ గారికి ఇస్తున్నాను, వచ్చే వారం బరువులు ఆయనే నిర్ణయిస్తున్నారు.

మీ లాగ్‌లో బార్ బరువును కలిపి రాశారో లేదో, మీ యాప్ ఏదో తెలియజేస్తే, సీఎస్‌వీలోని ఏ గళ్లు ముందుగా దిద్దాలో వివరంగా రాస్తాను.