మోకాలికి బ్రేస్ వేసుకుని ఆడొచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. వారానికి నాలుగు రోజులు షటిల్ ఆడతాను. కుడి మోకాలి లోపలి వైపు గుజ్జు అరిగిందన్నారు. నీక్యాప్ వేసుకున్నా నొప్పి తగ్గడం లేదు. హింజ్ (మోకాలితో పాటు మడతపడే పక్క కీలు) ఉన్న బ్రేస్ కొనమంటున్నారు. కొంటే ఆట కొనసాగించొచ్చా?

కొనే ముందు మీ ఎక్స్‌రే ఒకసారి బయటికి తీయండి. అది నిలబడి తీసిందా, పడుకుని తీసిందా? పడుకుంటే ఒంటి బరువు మోకాలి మీద పడదు కాబట్టి ఎముకల మధ్య సందు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. నిలబడి తీసినదాంట్లో లోపలి వైపు సందు మాత్రమే తగ్గి, బయటి వైపు బాగుంటే హింజ్ బ్రేసుల్లో అరిగిన వైపు భారం తగ్గించే ‘అన్‌లోడర్’ రకం మీకు పనికొస్తుంది. రెండు వైపులా అరిగి ఉంటే పెద్దగా లాభం లేదు. ఒక వైపు తగ్గించిన బరువు రెండో వైపు మీదే కదా పడేది!

మీ నీక్యాప్ ఒక తొడుగు. వెచ్చదనం, కాస్త బిగింపు ఇస్తుంది, మోకాలు ఎలా కదులుతోందో మరింత బాగా తెలిసేలా చేస్తుంది. బరువును మాత్రం పక్కకు మళ్లించలేదు. అన్‌లోడర్ మూడు చోట్ల ఒత్తుతుంది. మీ విషయంలో తొడనీ పిక్కనీ లోపలి వైపు నుంచి పట్టి ఉంచి, మోకాలిని బయటి వైపు నుంచి లోపలికి నెడుతుంది. దాంతో అరిగిన వైపు పడే భారం కొంత తగ్గుతుంది. కొంతే, మొత్తం కాదు. బయటి అరుగుదల కోసం చేసినది పొరపాటున తగిలించుకుంటే నొప్పి పెరుగుతుంది. అందుకే కుడి, ఎడమ సరిపోయిందో లేదో చూసి ఊరుకోకండి, అది లోపలి అరుగుదలకా బయటి దానికా అన్నదీ అడిగి తీసుకోండి.

బ్రేస్ విషయంలో నిపుణులందరిదీ ఒకే మాట కాదు. అక్కడి కీళ్ల జబ్బుల డాక్టర్ల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లో, నడకకో నిలకడకో ఇబ్బందయ్యేంత అరుగుదల ఉన్నవారికి దీన్ని గట్టిగానే సిఫారసు చేసింది. బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలిచ్చే ‘నైస్’ సంస్థ 2022లో, అందరికీ అలవాటుగా ఇవ్వొద్దని చెప్పింది. కీలు నిలకడ తప్పినా, బరువు పడే తీరు మారినా, అదీ బ్రేస్ లేకుండా వ్యాయామం సాగనప్పుడే ఇవ్వమంది. మా మొగ్గు రెండోదాని వైపే. బ్రేస్ ఉంది కదా అని అరగంట అదనంగా ఆడితే అది ఇచ్చిన వెసులుబాటు అక్కడే ఖర్చయిపోతుంది.

ఆటలోనూ మార్పులు కావాలి. సింగిల్స్ వదిలి డబుల్స్‌కి రండి. ఎగిరి కొట్టే స్మాష్ మానేయండి. నెట్ దగ్గర ఒక్క పెద్ద అంగ వేసి వంగే బదులు రెండు చిన్న అడుగులు వేయండి. వరుసగా నాలుగు రోజులు కాకుండా రోజు విడిచి రోజు ఆడండి. ఆడుతున్నప్పుడు నొప్పి పదికి మూడు, నాలుగు ఉంటే ఫర్వాలేదు. మర్నాడు ఇదే వేళకు అది మామూలు స్థాయికి రాకపోయినా, మోకాలు వాచినా ముందు రోజు ఆట మీ మోకాలికి ఎక్కువైనట్టే. వచ్చేసారి సమయం తగ్గించండి.

ప్రశ్న: హింజ్ బ్రేస్ పది నిమిషాలు ఆడేసరికి కిందికి జారిపోతోంది. గట్టిగా బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతోంది. సైజు తప్పా?

సైజు తప్పయి ఉండొచ్చు. అంతకన్నా ముందు పట్టీలు పెట్టే వరుస చూసుకోండి. చాలామంది నిలబడి, పైనున్న తొడ పట్టీతో మొదలుపెడతారు. తొడ పైన లావు, కింద సన్నం. కాబట్టి అక్కడ ఎంత బిగించినా బ్రేస్ కిందికే వస్తుంది. దాన్ని ఆపగలిగేది పిక్క ఉబ్బెత్తు ఒక్కటే.

కుర్చీ అంచున కూర్చుని మోకాలు మడవండి. హింజ్ మధ్యభాగం మోకాలి చిప్ప మధ్యకు సమానమైన ఎత్తులో, పక్క నుంచి చూస్తే కాలి మందంలో సగానికి కాస్త వెనగ్గా ఉండాలి. మొదట మోకాలికి కిందగా, పిక్క ఉబ్బెత్తుకు సరిగ్గా పైన వచ్చే పట్టీని బిగించండి. తర్వాత దాని కిందది, ఆ తర్వాతే తొడ పట్టీలు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ఐదు నిమిషాలు నడిచి మళ్లీ ఒకసారి సర్దుకోండి. ఆ రోజు కాలికి నూనె, క్రీము రాయొద్దు.

ఇంతా చేశాక కూడా జారితే కొలతలు తీయండి. సాధారణంగా చిప్ప మధ్య నుంచి 15 సెం.మీ. పైన తొడ చుట్టుకొలత, 15 సెం.మీ. కింద పిక్క చుట్టుకొలత అడుగుతారు. మీ బ్రేస్‌తో వచ్చిన పట్టికలో దూరం వేరేగా ఉంటే దాన్నే పాటించండి. మోకాలు వాచి ఉన్న రోజు కొలవొద్దు.

తిమ్మిరిని తేలిగ్గా తీసుకోకండి. మోకాలికి కాస్త కిందగా, బయటి వైపు చేతికి ఒక ఎముక గుబ్బ తగులుతుంది. పాదాన్ని పైకి లేపే నరం దాన్ని చుట్టుకునే వెళ్తుంది. పట్టీ దాని మీద నొక్కితే పాదం పైభాగం మొద్దుబారుతుంది. వెంటనే విప్పేయండి. విప్పాక కూడా పాదం లేపలేకపోతున్నా, పిక్క వాచి వేడిగా నొప్పి పెడుతున్నా అదే రోజు డాక్టరుకు చూపించాలి. రెండోది రక్తం గడ్డ కట్టిన గుర్తు కావచ్చు.

ప్రశ్న: సైకిల్ తొక్కితే, మెట్లు దిగితే చిప్ప వెనక నొప్పి. నాకూ అన్‌లోడరేనా?

కాదు. చిప్ప వెనక అరుగుదలకు దానితో పనిలేదు. చిప్ప చుట్టూ మెత్తటి దిండు ఉండి, దాన్ని పక్కకు జరగనివ్వని తొడుగు చాలు. బ్రేస్ కన్నా ముందు సైకిల్ సీటు చూడండి. సీటు తక్కువగా ఉంటే మోకాలు అతిగా మడతపడి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి అడుగుకు తెస్తే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీలు మడతపడుతుంది. తేలిక గేరులో నిమిషానికి 80 చుట్ల దగ్గర తొక్కండి.

ప్రశ్న: బ్రేస్ రోజంతా వేసుకుంటే కండరాలు పాడవుతాయంటారు. నిజమేనా?

బ్రేస్ వేసుకుని ఆడితే కండరాలు కరిగిపోవు. బ్రేస్ చూసుకుని వ్యాయామం మానేస్తేనే చిక్కు. అసలు రోజంతా వేసుకోవాల్సిన పని లేదు. మొదట రోజుకు గంట, చర్మం తట్టుకుంటే వారం, రెండు వారాల్లో మెల్లగా పెంచి ఆటకు, ఎక్కువ నడకకు మాత్రం వాడండి. విప్పాక చర్మం మీది ఎర్రటి గుర్తు అరగంటలో పోవాలి. తొడుగు తగిలినంత మేరా అదే ఆకారంలో దురద, దద్దుర్లు వస్తే నియోప్రీన్ (తొడుగుల్లో వాడే ఒక రకం రబ్బరు) తయారీలో వాడే రసాయనాలు పడలేదేమో చూడాలి, తొడుగు రకం మార్చండి.

వారానికి మూడు రోజులు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి మెల్లగా కూర్చోవడం పదేసి సార్లు మూడు విడతలు చేయండి. పక్కకు పడుకుని పై కాలిని నిటారుగా లేపడం కూడా అంతే. మోకాలు లోపలికి, బయటికి ఊగకుండా చూసేది తుంటి కండరాలే.

ప్రశ్న: ఈతకు కూడా బ్రేస్ కావాలా?

అక్కర్లేదు. నీళ్లలో మోకాలి మీద బరువే తక్కువ. బ్రెస్ట్‌స్ట్రోక్ మాత్రం వద్దు, ఆ తన్నుడు మోకాలి లోపలి వైపును లాగుతుంది. ఫ్రీస్టైల్‌లో తుంటి నుంచి కాళ్లాడిస్తూ ఈదండి.