చంద్రగిరి కోట చూపించే అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

చంద్రగిరి కోటకు వచ్చే విదేశీయులకు చెప్పాలని ఇంగ్లీషులో రాసుకున్న పేజీలు చదివాను. చరిత్ర భాగంలో వేలు పెట్టను, బాగా కుదిరింది. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. కర్ర అన్నది వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన రాజమహల్‌ను చూసి వచ్చినవాళ్లంతా 'టేకెన్ అబ్యాక్' అవుతారని రాశావు. ఆ మాట అక్కడ నప్పదు.

నిఘంటువులో 'ఆశ్చర్యపోవడం' అని చూసి వాడి ఉంటావు. కానీ మనకు మాత్రం ఆశ్చర్యాలన్నీ ఒకటేనా? గోపురం చూసి ముగ్ధులమవుతాం. ఎవరైనా అనకూడని మాట మొహాన అనేస్తే ఖంగుతింటాం. ఇది ఆ రెండో రకం. ఓడవాళ్ల మాట. తెరచాపలతో సాగే పెద్ద ఓడకు గాలి ఉన్నట్టుండి ఎదురు కొడితే చాపలు వెనక్కి తిరిగి స్తంభాలకు అతుక్కుపోయేవి. ఓడ నిలిచిపోయేది, ఒక్కోసారి వెనక్కి నడిచేది, స్తంభాలు విరిగే ప్రమాదమూ ఉండేది. ఆ కుదుపు, ఆ క్షణం ఏమీ తోచకపోవడం నేటికీ ఆ మాటలో మిగిలే ఉన్నాయి. మంచి కబురుకూ వాడతారు, నిజమే. అప్పుడూ అందులో కాస్త తత్తరపాటు ఉంటుంది.

దానికి సరైన చోటు నీకు రోజూ కనబడుతుంది. మనవాళ్లు తొలి పలకరింపులోనే "పెళ్లయిందా? జీతమెంత?" అని ఆప్యాయంగా అడిగేస్తారు. వినే విదేశీయురాలు జవాబు తోచక, సగం నవ్వుతో అలా నిలబడిపోతుంది చూడు, అదీ టేకెన్ అబ్యాక్ అంటే. రాజమహల్ దగ్గర 'బోల్డ్ ఓవర్' అను. సంతోషంతో ఉక్కిరిబిక్కిరి కావడం అందులో ఉంది.

వాక్యం కట్టేటప్పుడు ఇంకో సంగతి. 'నేను ఖంగుతిన్నాను' అనే అలవాటుతో మనం 'ఐ టుక్ అబ్యాక్' అనేస్తాం. ఇంగ్లీషులో అది కుదరదు. 'ఐ వజ్ టేకెన్ అబ్యాక్' అనాలి, కారణం చెప్పదలిస్తే దాని ముందు 'బై' చేర్చాలి. ప్రశ్నే నన్ను తడబరిచిందని చెప్పాలంటే మనిషిని మధ్యలో పెట్టి 'టుక్ మీ అబ్యాక్' అను. 'మీ' చివరికి పోకూడదు.

పలికేటప్పుడు 'అ' మింగేయకు. అది పోతే 'టేకెన్ బ్యాక్' అయి, వెనక్కి తీసుకుపోయారన్న వేరే అర్థం వస్తుంది. అయినా అదీ నీకు పనికొచ్చేదే: రాజమహల్ మెట్లెక్కుతుంటే విజయనగర రాజుల కాలానికి టేకెన్ బ్యాక్ అయినట్టుందని చెబితే ముచ్చటగా ఉంటుంది.

ఆ పేజీ దిద్దాక గట్టిగా చదివి ఫోనులో రికార్డు చేసి పంపు. ఉచ్చారణ విన్నాక మిగతావి మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న