పది కిలోమీటర్లు దాటితే గోరు నల్లబడుతోందా? ముందు కొలత చూడండి

పరుగులో పది కిలోమీటర్లు దాటాక బొటనవేలి గోరు నల్లబడుతోందని, చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందని, ఇంకా మెత్తటి షూ కొనాలా అని అడిగారు. మెత్తదనం కాదండీ, మీ ఇబ్బంది కొలతతోనే. మామూలు బూట్ల సైజే పరుగు షూకీ తీసుకున్నానన్నారు కదా. పరిగెత్తేకొద్దీ పాదం ఉబ్బుతుంది, అడుగడుక్కీ కాస్త ముందుకు జారుతుంది. గోరు షూ ముందు భాగానికి వేల సార్లు కొట్టుకుని, దాని కింద నెత్తురు గడ్డకడుతుంది. ఆ నలుపు అదే.

షూలోంచి ఇన్‌సోల్ (లోపల పాదం కింద ఉండే మెత్తటి అట్ట) తీసి నేలమీద పెట్టండి. సాయంత్రం పూట, పరుగుకి వేసుకునే సాక్సులతోనే దానిమీద నిలబడండి. అన్నిటికన్నా పొడుగు వేలికి (కొందరికి అది రెండో వేలు) ముందు సుమారు 1 సెంటీమీటరు ఖాళీ ఉండాలి. పాదం పక్కకి పొంగి ఇన్‌సోల్ అంచు దాటుతోందా? చిటికెన వేలి తిమ్మిరికి కారణం చాలావరకు అదే. అలాంటప్పుడు సైజు మాత్రమే పెంచితే మడమ వదులై బొబ్బలొస్తాయి. వెడల్పు రకం అడగండి: మగవాళ్లకి సాధారణంగా ‘డి’ మామూలుది, ‘2ఈ’ వెడల్పుది, ఆడవాళ్లకి ‘బి’, ‘డి’. రెండు పాదాల్లో పెద్దదానికి సరిపోయేదే కొనండి.

మడమ ఇంకా లేస్తుంటే, లేసు కొసని అదే వైపున్న ఆఖరి రంధ్రంలోకి దోపి చిన్న ఉచ్చు వదలండి. రెండో వైపూ అంతే. కొసల్ని ఎదుటి ఉచ్చుల్లోంచి లాగి బిగించండి.

కొత్త జత డ్రాప్ (మడమ కింద, వేళ్ల కింద సోల్ ఎత్తుల్లో తేడా) కూడా చూసుకోండి. 10 మిల్లీమీటర్ల నుంచి ఒక్కసారే 4కి దిగితే పిక్కలు పట్టేస్తాయి.