ఎంబీఏ, ఇంజనీరింగ్ మాస్టర్స్ కలిపి చేసేవాళ్లు కొత్త సెమిస్టర్ ఎలా మొదలుపెట్టాలి?

ఎంబీఏ, ఇంజనీరింగ్ మాస్టర్స్ రెండూ ఒకేసారి చేస్తున్నానని, మొదటి సెమిస్టర్‌లో రెండు వైపులా వెనకబడ్డానని, వచ్చే వారం మొదలయ్యే సెమిస్టర్ తలచుకుంటేనే టెన్షన్‌గా ఉందని రాశారు. నేనూ ఇలాంటి జంట డిగ్రీయే చేశాను. వెనకబడింది మీకు తెలివి చాలక కాదు. ముందు ఆ మాట నమ్మండి.

అసలు చిక్కంతా క్యాలెండర్‌లో ఉంటుంది. ఇంజనీరింగ్ కోర్సు సెమిస్టర్ పొడవునా నడుస్తుంది. బిజినెస్ కోర్సులు చాలాచోట్ల ఏడు వారాల్లోనే అయిపోతాయి. అంటే ఇక్కడ మిడ్‌టర్మ్ రాసే రోజుల్లోనే అక్కడ ఫైనల్ వచ్చి పడుతుంది. నా రెండో సెమిస్టర్ ఏడో వారంలో మంగళవారం అకౌంటింగ్ ఫైనల్, బుధవారం ఆప్టిమైజేషన్ (ఉన్న పరిమితుల్లోనే అత్యుత్తమ ఫలితం వెతికే గణితం) మిడ్‌టర్మ్, గురువారం టీమ్ ప్రెజెంటేషన్. ఆ సంగతి నేను గమనించింది ముందటి శుక్రవారం రాత్రి. మూడు తేదీలూ మొదటి రోజు ఇచ్చిన సిలబస్‌లలోనే ఉన్నాయి, కాకపోతే మూడు వేర్వేరు ఫైళ్లలో.

ఆ తర్వాత ప్రతి సెమిస్టర్‌కీ క్లాసులు మొదలవడానికి ముందురోజే ఒక పెద్ద కాగితం తీసుకుని వారానికో గీత గీసేదాన్ని. అన్ని సిలబస్‌లలోని తేదీలూ పెన్సిల్‌తో దాని మీదికి ఎక్కించి, ఒకే వారంలో మూడు పడినచోట సున్నా చుట్టేదాన్ని. ఆ కాగితంతో మొదటి వారంలోనే ప్రొఫెసర్ల దగ్గరికి వెళ్లండి. ఆరు వారాల ముందు అడిగితే వినే మనిషి, పరీక్ష రెండు రోజులుందనగా అడిగితే వినరు. ఒక ప్రొఫెసర్ నాకు ప్రెజెంటేషన్ తేదీ మార్చారు, ఇంకొకరు కుదరదన్నారు. కుదరదని అంత ముందే తెలిసినా మేలే. సున్నాలు మరీ ఎక్కువైతే కోర్సులు చేర్చుకోడానికి, వదలడానికి ఇచ్చే యాడ్-డ్రాప్ గడువు దాటకముందే ఒక కోర్సు వదిలేయండి. ఒక్కో క్రెడిట్‌కి క్లాసు బయట వారానికి రెండు మూడు గంటలు పడుతుందని అంటారు కదా, టీమ్ మీటింగులు కలిపితే నాకు అంతకన్నా ఎక్కువే పట్టేది.

బిజినెస్ క్లాసుల్లో ఇచ్చే కేస్, అంటే ఒక కంపెనీ ముందున్న సమస్య కథ, చదివే పద్ధతి కూడా మార్చుకోండి. పాఠ్యపుస్తకంలా మొదటి నుంచి చివరిదాకా గీతలు గీస్తూ చదవకండి. మొదటి పేజీ, చివరి పేజీ చదివితే ఎవరు ఏ నిర్ణయం తీసుకోవాలో తెలిసిపోతుంది. తర్వాత పట్టికలు, ఆ తర్వాతే మధ్య భాగం. మీరైతే ఏం చేస్తారో రెండు వాక్యాలు రాసుకుని క్లాసుకి వెళ్లండి. లెక్క తేలేదాకా నోరు విప్పకపోవడం మన ఇంజనీరింగ్ అలవాటు. బిజినెస్ క్లాసులో మాట్లాడితేనే మార్కులు.

ఇక నాకు నిజంగా ఊపిరి పోసిన విషయం ఇది. ఒకరోజు పొద్దున ఆపరేషన్స్ క్లాసులో స్ప్రెడ్‌షీట్‌లో సాల్వర్ (ఉన్న పరిమితుల్లో ఎక్కువ లాభం ఎలా వస్తుందో వెతికిపెట్టే సాధనం) నడిపాం. రిపోర్టులో 'షాడో ప్రైస్' అని ఒక నిలువు వరస. మెషిన్ ఇంకో గంట దొరికితే లాభం ఎంత పెరుగుతుందో చెప్పే అంకె అది. అదే సాయంత్రం ఆప్టిమైజేషన్ క్లాసులో డ్యూయల్ చర రాశి, అంటే ఒక్కో పరిమితికీ కట్టే విలువ, బోర్డు మీదికి వచ్చింది. నోట్సు పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే! ఇలాంటి లెక్కలు విప్పడానికి గణిత శాస్త్రవేత్త జార్జ్ డాంట్జిగ్ 1947లో ఇచ్చిన సింప్లెక్స్ పద్ధతిని పొద్దున బటన్ నొక్కి నడిపాం, సాయంత్రం చేత్తో పట్టికలు వేశాం, అంతే తేడా. అప్పటినుంచి నోట్సుకి రెండు పుస్తకాలు పెట్టడం మానేశాను. ఇటు నేర్చుకున్నది అటు ఎక్కడ పనికొస్తుందో వెతుక్కుంటూ చదివితే సగం భారం నిజంగానే దిగుతుంది.

లిటిల్స్ లా సంగతి కూడా అంతే. ఒక వ్యవస్థలో సగటున ఎన్ని పనులుంటాయో తెలియాలంటే, అవి వచ్చే వేగాన్ని ఒక్కోటీ అందులో ఉండే కాలంతో గుణించాలి. జాన్ లిటిల్ 1961లో దీన్ని నిరూపించారు. ఆపరేషన్స్ పరీక్ష కోసం చదువుతూ నా పనులకే వేసి చూసుకున్నాను. వారానికి ఎనిమిది పనులు వస్తున్నాయి, ఒక్కోటీ కాస్త ముట్టుకుని వదిలేస్తూ రెండేసి వారాలు నానబెడుతున్నాను. అంటే ఎప్పుడు చూసినా తలలో పదహారు పనులు. వచ్చే పనుల్ని తగ్గించడం నా చేతిలో లేదు, నానబెట్టే కాలం మాత్రం నా చేతిలోనే ఉంది. చిన్న పనిని తెరిచిన రోజే ముగించడం మొదలుపెట్టాక రాత్రిళ్లు నిద్ర పట్టింది.

ఒక డిగ్రీ వదిలేయాలా అని కూడా అడిగారు. ఇప్పుడే తేల్చకండి. ముందు ఆ కాగితం గీయండి, ఈసారి ఏడో వారం తయారుగా దాటండి, ఆ తర్వాత కూడా వదిలేయాలనే అనిపిస్తే అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.