సిరీస్ చూస్తుంటే పల్స్ 128... ఇది గుండెపోటుకు సూచనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొన్న శని, ఆదివారాల్లో ‘సెవరెన్స్’ మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లూ వరుసపెట్టి చూసేశాను. ఆదివారం అర్ధరాత్రి దాటాక ఆఖరి ఎపిసోడ్ చూస్తుంటే గుండె దడదడలాడింది. అరచేతులకు చెమటలు పట్టాయి, పాదాలు చల్లబడ్డాయి. ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కాయి. సోఫాలో కదలకుండా ఉన్నా పల్స్ 128 అని వాచీ హెచ్చరించింది. అయిపోయాక పావుగంటకు మెల్లగా తగ్గింది గానీ, తెల్లవారుజామున నాలుగింటిదాకా నిద్ర పట్టలేదు. మెలకువగా ఉండాలని పది గంటలకు రెండు కాఫీలు తాగాను. ఇది గుండెపోటుకు సూచనా? ఇలాంటివి ఇక చూడొద్దని నా భార్య గట్టిగా చెబుతోంది. అన్నట్టు, బీపీకి రాత్రిపూట మాత్ర వాడతాను. ఆ రెండు రోజులూ వేసుకోవడం మర్చిపోయాను. మా నాన్నగారికి 52 ఏళ్లకే స్టెంట్ వేశారు.
- ఓ పాఠకుడు, కొండాపూర్

జవాబు: ఆ ఎపిసోడ్ నేనూ చూశాను. 2022 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు కాదు, చాలా ఆలస్యంగా, మా అబ్బాయి పోరు పడలేక. చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. మెదడులో చిప్ పెట్టి మనిషిని రెండుగా విడగొడతారు. ఆఫీసులో ఉన్నప్పుడు ఇల్లు గుర్తుండదు, ఇంటికెళ్తే ఆఫీసు గుర్తుండదు. ఆఖరి ఎపిసోడ్‌లో ముగ్గురు ‘లోపలి మనుషులు’ మొదటిసారి బయటి ప్రపంచంలో కళ్లు తెరుస్తారు. వాళ్లలా ఉండగలిగేది, వాళ్ల సహోద్యోగి ఒకడు కంట్రోల్ గదిలో చేతులు బార్లా చాపి రెండు స్విచ్చులు పట్టుకుని ఉన్నంతసేపే. తర్వాతేమైందో చెప్పను. ఆ చేతులు ఎప్పుడు జారతాయోనని చూస్తూ చూస్తూ నా భుజాలు కూడా పట్టేశాయి. పల్స్ చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు, డాక్టర్నై ఉండి కూడా.

మీ ఒంట్లో జరిగింది ఇదీ. ఆపద తెరమీద ఉందా, గుమ్మంలో ఉందా అని తేల్చుకునేదాకా మెదడులోని భయం కేంద్రం ఆగదు. ముందు గంట కొట్టేస్తుంది. అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, చర్మానికి వెళ్లే రక్తం తగ్గి కండరాలకు మళ్లుతుంది. అందుకే పాదాలు చల్లబడ్డాయి. అసలు ఈ ఏర్పాటంతా పరిగెత్తడానికో, తిరగబడడానికో. మీరు ఆ రెండూ చేయలేదు, దిండు పట్టుకుని కూర్చున్నారు. ఖర్చు కాని ఆ శక్తే దడగా, చెమటగా తెలిసింది.

విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవాళ్ల పల్స్ 60 నుంచి 100 మధ్య ఉండాలి. 128 ఎక్కువే. అయితే ఆ అంకె ఒక్కటే చూసి నేనేమీ చెప్పను. అది ఎలా పెరిగింది, ఎలా తగ్గింది అన్నది నాకు ముఖ్యం. కథ బిగుస్తున్నకొద్దీ పెరిగి, ముగిశాక పావుగంటలో మెల్లగా దిగిందని మీరే రాశారు. భయానికో, జ్వరానికో, మెట్లెక్కినందుకో గుండె వేగం పెరిగితే ఇలాగే దిగుతుంది. గుండెలోని కరెంటు మార్గంలో లోపముంటే తీరు వేరు. స్విచ్ వేసినట్టు ఉన్నట్టుండి 160, 180కి ఎగబాకి, అంతే హఠాత్తుగా ఆగిపోతుంది. టీవీ ముందే అలా కావాలని లేదు, షూ లేసు కట్టుకోవడానికి వంగినప్పుడు కూడా రావచ్చు. అలాంటిది ఎప్పుడైనా వస్తే వాచీని నమ్ముకుని ఊరుకోకండి. అది సాగుతుండగానే దగ్గర్లోని ఆసుపత్రిలో ఈసీజీ తీయించుకోండి. తగ్గాక తీస్తే చాలాసార్లు ఏమీ దొరకదు.

ఎడమచెయ్యి అనగానే అందరికీ గుండే గుర్తొస్తుంది. మీ తిమ్మిరి మాత్రం చిటికెన వేలు, ఉంగరం వేళ్లలోనే ఉంది. ఆ రెండు వేళ్లకూ వెళ్లే నరం మోచేతి వెనక, ఎముక మీదుగా పోతుంది. మోచెయ్యి తలుపుకు తగిలితే జివ్వుమనేది అదే. సోఫా చేతిమీద మోచెయ్యి ఆన్చి గంటల తరబడి కూర్చుంటే అది నొక్కుకుపోతుంది. మీరు అలాగే కూర్చున్నారని నా అనుమానం. రెండు చేతుల వేళ్లూ, పెదాల చుట్టూ కూడా చిమచిమలాడి ఉంటే మాత్రం ఊపిరి బిగపట్టి, తర్వాత గబగబా పీల్చడం వల్ల అనుకునేవాణ్ణి.

‘చూసి చచ్చిపోయేంత’ ఉత్కంఠ ఉంటుందా అని నవ్వుతూ అడిగేవాళ్లుంటారు. నవ్వుకు పూర్తిగా వదిలేయలేం. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతంలో లెక్కలు తీశారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో గుండె సంబంధిత అత్యవసర కేసులు మామూలు రోజులకంటే 2.66 రెట్లు ఎక్కువ. అప్పటికే గుండె రక్తనాళాల జబ్బున్నవాళ్లలో అయితే 4 రెట్లు. ఉత్కంఠ జబ్బును కొత్తగా పుట్టించిందని దీనర్థం కాదు. లోపల దాక్కుని ఉన్నదాన్ని ఆ సాయంత్రం బయటికి లాగింది. (1997 డిసెంబర్‌లో జపాన్‌లో పోకెమాన్ ఎపిసోడ్ ఒకటి చూసి దాదాపు 700 మంది, ఎక్కువగా పిల్లలే, ఆసుపత్రుల పాలయ్యారు. దాన్ని ఇందులో కలపొద్దు. అక్కడ కారణం కథ కాదు, ఎరుపు, నీలం రంగుల్లో టపటపా మెరిసిన వెలుగు. కొందరికి ఫిట్స్ వచ్చాయి.)

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది చివరి మూడు వాక్యాలు. ‘అన్నట్టు’ అని మొదలుపెట్టి వాటిని తోకలా తగిలించారు. ఓపీలో కూడా ఇంతే. అరగంట గ్యాస్ గురించి చెప్పి, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి అసలు సంగతి చెబుతారు. నాన్నగారికి 52 ఏళ్లకు స్టెంట్ పడిందంటే, తండ్రికి 55 లోపు గుండెజబ్బు వచ్చిందన్నమాట. మా లెక్కలో అది మీకు ముప్పు పెంచే అంశం. దానికి తోడు 36 ఏళ్లకే బీపీ. పైగా రెండు రాత్రులు మాత్ర లేదు. ఆ పూట మీ గుండెకు నేను భయపడాల్సి వస్తే కారణం ఎపిసోడ్ కాదు, మీరు వేసుకోని మాత్ర.

కాబట్టి ఈ వారంలో ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. ఈసీజీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు అవసరం. దడ ఉంది కాబట్టి థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూడమనండి. ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలో లేదో ఆయన నిర్ణయిస్తారు. ఒక వారం పాటు ఇంట్లో పొద్దున, సాయంత్రం బీపీ రాసిపెట్టండి. అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నాకే చూడాలి. ఇంట్లో చూసిన సగటు 135/85 లోపు ఉండాలి. మర్చిపోయిన మాత్రకు బదులుగా మర్నాడు రెండు వేసుకోవడం లాంటి పనులు చేయకండి. రాత్రి మర్చిపోతున్నారు కాబట్టి, పొద్దున పళ్లు తోముకునే వేళకు మార్చవచ్చేమో మీ డాక్టర్ని అడగండి. ఛాతీ మధ్యలో బరువుగా పట్టేసినట్టు ఉండి తగ్గకపోయినా, నొప్పి దవడకో, చేతికో పాకినా, చల్లటి చెమటతో ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎపిసోడ్ వల్లేలే అని సర్దిచెప్పుకోవద్దు.

నిద్ర సంగతికొస్తే, సగం తప్పు కాఫీలది. కడుపులో పడిన కెఫీన్‌లో సగం కరగడానికి ఇంచుమించు అయిదు గంటలు పడుతుంది. పది గంటలకు తాగిన రెండు కాఫీల్లో ఒకటి తెల్లవారుజామున మూడింటికి ఇంకా మీతోనే ఉంది. మిగతా సగం కథది. సరిగ్గా ఊపిరి ఆగే చోట తెంపేశారు. తెగని పనిని మనసు అంత తేలిగ్గా వదలదు. 2022లో చూసినవాళ్లు జవాబు కోసం 2025 జనవరి దాకా, అంటే దాదాపు మూడేళ్లు, ఎదురుచూశారు. మీకా బాధ లేదు, రెండో సీజన్ చేతిలోనే ఉంది. ఒక చిన్న కిటుకు చెబుతాను, నేను పాటించేదే: ఎపిసోడ్ చివర ఆపకండి. తర్వాతి ఎపిసోడ్ పది నిమిషాలు చూసి, ముడి కాస్త సడలాక ఆపండి. రెండో ముడి వేసే లోపల లేచిపోవాలి, అదే కష్టం.

మీ శ్రీమతి మాటకు నేను పూర్తిగా ఎదురు చెప్పను. పరీక్షల ఫలితాలు వచ్చేదాకా ఆగండి. అవి బాగుండి, బీపీ అదుపులో ఉంటే చూడొద్దనడానికి నాకు కారణం కనిపించదు. సాయంత్రం పూట, కాఫీ లేకుండా, రోజుకొకటి. ఆవిడనూ పక్కన కూర్చోబెట్టుకోండి, కాకపోతే మొదటి సీజన్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. ఈసీజీ తీయించుకున్నాక మళ్లీ రాయండి. ఈసారి మాత్రల సంగతి మొదటి లైన్లో ఉండాలి.