ఫుట్‌బాల్‌లో అలసిపోతే తగ్గేది వేగం ఒక్కటేనా?

కాదు, కదలిక తీరే మారిపోతుంది. 90 నిమిషాల్లో ఆటగాడు సుమారు 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. అసలు భారం తొడ వెనక కండరాల (హామ్‌స్ట్రింగ్) మీద పడుతుంది. పరుగులో ముందుకు విసిరిన కాలికి బ్రేకు వేసేవి అవే, అదీ సాగుతూనే బిగుసుకోవాలి. అలసటతో ఆ బలం బాగా పడిపోతుంది. అందుకే ఆ కండరాల గాయాలు ప్రతి హాఫ్ చివరి పావుగంటలో ఎక్కువ.

పాస్‌ల గురి కూడా తప్పుతుంది.

ఈ అలసటను బద్ధకం అనుకుని పిల్లల్ని ఇంకా పరుగెత్తించే కోచ్‌లను చూస్తే బాధేస్తుంది. దానికన్నా నార్డిక్ హామ్‌స్ట్రింగ్ వ్యాయామం నేర్పండి: మోకాళ్ల మీద నిలబడి, వెనక ఒకరు మడమలు పట్టుకుంటే, నడుము వంచకుండా వీలైనంత మెల్లగా ముందుకు వాలాలి. దీన్ని మానకుండా చేసిన జట్లలో ఈ గాయాలు తగ్గాయని పరిశోధనలు చూపించాయి.