టెక్ సందేహాలు: వీపీఎన్ వేసుకుంటే ఎవరికి కనపడం, ఎవరికి కనపడతాం?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వీపీఎన్ (మన నెట్ వాడకాన్ని కప్పి తన సర్వర్ మీదుగా పంపే యాప్) చుట్టూనే ఉన్నాయి, అందుకని ఫోన్ వేడెక్కే గొడవలు, ప్రింటర్ కష్టాలు వచ్చే వారానికి వాయిదా వేశాను. అందరూ "సేఫేనా?" అనే అడిగారు. నేను మాత్రం ప్రతి ప్రశ్నకీ ముందు ఒకటే అడుగుతాను: ఎవరి నుంచి దాచాలనుకుంటున్నారు? దాన్ని బట్టే జవాబు మారిపోతుంది.

ప్రశ్న: హాస్టల్ వైఫైలో మనం ఏం చూస్తున్నామో వాళ్లకి మొత్తం తెలుస్తుందని సీనియర్లు భయపెడుతున్నారు. అందుకని కోటి డౌన్‌లోడ్లు ఉన్న ఒక ఫ్రీ వీపీఎన్ వేసుకున్నాను. ఇక టెన్షన్ లేనట్టేనా? (బీటెక్ విద్యార్థిని, వరంగల్)

టెన్షన్ పోలేదమ్మా, చోటు మారింది. మీ సీనియర్లు చెప్పింది సగమే నిజం. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ, యాప్‌లూ హెచ్‌టీటీపీఎస్ (దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసి పంపే పద్ధతి) మీదే నడుస్తున్నాయి కాబట్టి మీరు కొట్టిన పాస్‌వర్డ్, చదివిన పేజీ, పంపిన ఫొటో ఇవేవీ రూటర్ పట్టుకుని కూర్చున్నవాళ్లకి కనపడవు. కనపడేది ఏ సైటుకి వెళ్లారు, ఎన్నింటికి వెళ్లారు, ఎంత డేటా లాగారు అన్నవి మాత్రం. ఫలానా హాస్పిటల్ సైటుకి వెళ్లారని తెలుస్తుంది, అందులో ఏ జబ్బు గురించి చదివారో తెలియదు. అదేం తక్కువ సమాచారం కాదనుకోండి, ముఖ్యంగా ఆడపిల్లల హాస్టళ్లలో అది ఎటు దారి తీస్తుందో నేను చెప్పక్కర్లేదు.

ఆ సైటు పేరు రెండు చోట్ల బయటపడుతుంది. మొదటిది డీఎన్ఎస్, అంటే పేరు చెప్పి అడ్రస్ అడిగే దశ, ఇది మామూలుగా ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేని కోడ్‌గా మార్చడం) లేకుండానే జరుగుతుంది. రెండోది ఆ సైటుతో కనెక్షన్ మొదలయ్యే క్షణం, అప్పుడు కూడా చాలా సైట్ల పేరు ఓపెన్‌గానే వెళ్తుంది. వీపీఎన్ ఈ రెండింటినీ కప్పేస్తుంది, మీ ఫోన్ నుంచి బయటికి వెళ్లేదంతా ఎన్‌క్రిప్ట్ చేసి తన సర్వర్ దాకా తీసుకెళ్తుంది, హాస్టల్ వాళ్లకి ఆ సర్వర్ అడ్రస్ తప్ప ఇంకేమీ కనపడదు. బాగానే ఉంది. కానీ ఇంతకుముందు హాస్టల్ వాళ్లు చూడగలిగిన ఆ జాబితా ఇప్పుడు మొత్తం వీపీఎన్ కంపెనీ కళ్ల ముందు ఉంటుంది. పక్కింటావిడ తొంగి చూస్తోందని ఇంటి తాళం తీసుకెళ్లి ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టినట్టు.

ఇది ఊహించి చెప్పడం లేదు. ఒనావో అని ఒక వీపీఎన్ యాప్ ఉండేది, 2013లో ఫేస్‌బుక్ కొనేసింది. మీ డేటాని కాపాడతాం అని ప్రచారం చేసుకుంటూ, జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో లెక్కలు తీసి ఫేస్‌బుక్ తన వ్యాపారానికి వాడుకుంది. 2018లో యాపిల్ అభ్యంతరం చెబితే యాప్‌స్టోర్ నుంచి పోయింది, మరుసటి ఏడాది మూతపడింది, 2023లో ఆస్ట్రేలియా కోర్టు 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. పేరున్న కంపెనీ సంగతే ఇలా ఉంది. ఇక ఊరూపేరూ లేనివాటి విషయానికొస్తే, ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్లు మరికొందరితో కలిసి 2016లో 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లని విప్పి చూస్తే 38 శాతంలో మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాం) ఆనవాళ్లు దొరికాయి, 18 శాతమైతే అసలు ఎన్‌క్రిప్షనే చేయడం లేదు. వీపీఎన్ అని పేరు పెట్టుకుని ఎన్‌క్రిప్షన్ చేయకపోతే ఇక చేసేదేముంటుంది?

అన్నింటికంటే నన్ను భయపెట్టింది 2024 మేలో అమెరికా న్యాయశాఖ బయటపెట్టిన 911 ఎస్5 వ్యవహారం. మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్ లాంటి ఫ్రీ యాప్‌లు ఎక్కించుకున్నవాళ్ల కంప్యూటర్లని వాళ్లకి తెలియకుండానే అద్దెకిచ్చేశారు, నేరగాళ్లు ఆ కనెక్షన్ల మీదుగా మోసాలు చేశారు. దాదాపు 1.9 కోట్ల ఐపీ అడ్రస్‌లు (నెట్‌లో కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబర్లు) అలా చిక్కుకున్నాయి. అంటే నేరం ఎవడో చేస్తాడు, రికార్డుల్లో మీ ఇంటి కనెక్షన్ కనపడుతుంది. కాబట్టి డౌన్‌లోడ్ల సంఖ్య చూసి నమ్మకండి, ఆ యాప్‌కి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. సర్వర్లు ఊరికే రావు.

మీ అవసరానికి ముందు వీపీఎన్ లేకుండానే ఒక పని చేయొచ్చు. ఆండ్రాయిడ్ 9 నుంచి అన్ని ఫోన్లలోనూ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది. అందులో ప్రొవైడర్ పేరు దగ్గర డీఎన్ఎస్ డాట్ గూగుల్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి సేవ్ చేయండి. ఇందాక చెప్పిన రెండు చోట్లలో మొదటిది మూసుకుపోతుంది (గూగుల్‌కి తెలుస్తుంది కదా అంటారా, తెలుస్తుంది, కానీ ఆండ్రాయిడ్ ఫోన్ వాడుతూ గూగుల్ నుంచి దాక్కోవడం వేరే పెద్ద కథ). రెండోది కూడా మూయాలంటే వీపీఎన్ కావాల్సిందే. డబ్బు పెట్టలేకపోతే ప్రోటాన్ వీపీఎన్ ఫ్రీ ప్లాన్ వాడండి, దానికి డేటా పరిమితి లేదు, డబ్బు కట్టే కస్టమర్ల మీద నడుస్తుంది, యాప్ కోడ్ ఎవరైనా చూసుకునేలా బయటికే పెట్టారు. ఇంకొక్క మాట, వైఫై కోసం అని హాస్టల్ వాళ్లు గానీ కాలేజీ వాళ్లు గానీ మీ సొంత ఫోన్లో ఏదైనా సర్టిఫికెట్ ఎక్కించమంటే ఎందుకని గట్టిగా అడగండి, అది ఎక్కితే హెచ్‌టీటీపీఎస్ లోపలున్నది కూడా చదవగలిగే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: అన్నా, మాది జగిత్యాల దగ్గర, దుబాయ్‌లో పని చేస్తున్న. ఇంటికి వాట్సాప్ వీడియో కాల్ కలవది. రూమ్‌లో అందరూ వీపీఎన్ పెట్టి మాట్లాడుతున్నరు. ఏమన్నా కేసు అయితదా?

తమ్ముడూ, ఈ ఒక్కదానికి మాత్రం నేను "అందరూ చేస్తున్నారుగా" అనలేను. యూఏఈలో వీపీఎన్ దానికదే నేరం కాదు, కంపెనీలు, బ్యాంకులు తమ పనికి వాడుకుంటాయి. కానీ 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న సైబర్ నేరాల చట్టం ప్రకారం నేరం చేయడానికో, చేసింది బయటపడకుండా ఉండటానికో ఐపీ అడ్రస్ మార్చితే జైలు గానీ, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇంటికి ఫోన్ చేసుకోవడం నేరం కిందికి వస్తుందా అని వాదించుకోవచ్చు, కానీ అక్కడ అనుమతి లేని ఇంటర్నెట్ కాల్స్‌ని ఆపేసి ఉంచారు, నువ్వు వీపీఎన్ పెట్టేది ఆ అడ్డు దాటడానికే. వీసా, ఉద్యోగం, ఇంటి దగ్గర అప్పు ఇవన్నీ నెత్తిన పెట్టుకుని ఆ వాదన కోర్టులో చేయాల్సిన అవసరం నీకెందుకు? బోటిమ్ అనే కాలింగ్ యాప్‌కి అనుమతి ఉంది, జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ కూడా పని చేస్తాయి. ఇంట్లోవాళ్ల ఫోన్లో కూడా అదే యాప్ వేయించు, మొదట్లో రెండ్రోజులు విసుక్కుంటారు, తర్వాత అలవాటైపోతుంది. పేదవాడు పెళ్లాంబిడ్డల మొహం చూసుకునే కాల్‌ని అడ్డుకోవడం న్యాయమా అంటే కాదనే నా అభిప్రాయం, కానీ నా అభిప్రాయం నీకు అక్కడ అడ్డం పడదు.

ప్రశ్న: మన దేశంలో వీపీఎన్ వాడటం చట్టబద్ధమేనా? అన్నీ రికార్డు చేసి ప్రభుత్వానికి ఇస్తారట కదా? (విలేకరి, ఒంగోలు)

వాడటం చట్టబద్ధమే, దేశమంతటికీ వర్తించే నిషేధం ఏదీ లేదు. మీరు విన్నది 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల గురించి. వీపీఎన్ కంపెనీలు తమ కస్టమర్ల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్, వాళ్లకి కేటాయించిన ఐపీ అడ్రస్‌లు, ఎందుకు తీసుకున్నారు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా వాడారు అన్నవి ఐదేళ్లు దాచి ఉంచాలి, కస్టమర్ మానేసిపోయినా సరే. లాగ్స్ (ఎవరేం చేశారన్న రికార్డులు) ఉంచం అన్న మాట మీదే వ్యాపారం చేసే కంపెనీలకి ఇది కుదిరే పని కాదు కదా, అందుకే ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్, ఆ తర్వాత ప్రోటాన్ తమ సర్వర్లని ఇండియా నుంచి తీసేశాయి. ఇప్పటికీ కొన్నింటి యాప్‌లో ఇండియా అని కనపడుతుంది, ఆ మెషిన్ నిజంగా ఉండేది సింగపూర్‌లోనో ఇంకెక్కడో, ఐపీ అడ్రస్ మాత్రం మనది. ఆఫీసువాళ్లు ఉద్యోగులకిచ్చే వీపీఎన్‌కి ఈ రికార్డుల నియమం వర్తించదు.

చట్టబద్ధం అన్నాను గానీ, కింది స్థాయిలో వ్యవహారం వేరేగా ఉంటుంది. 2025లో జమ్మూకశ్మీర్‌లో దోడా లాంటి జిల్లాల్లో మేజిస్ట్రేట్లు వీపీఎన్ వాడకాన్నే కొన్నాళ్లు నిషేధించారు. అదే ఏడాది మొదట్లో కేంద్రం ఆదేశాలతో కొన్ని వీపీఎన్ యాప్‌లు మన దేశపు యాప్‌స్టోర్, ప్లేస్టోర్ల నుంచి మాయమయ్యాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాటగా చెప్పిన దేశంలోనే ఇదంతా జరుగుతోంది.

మీరు విలేకరి కాబట్టి ఒకటి గమనించండి. కంపెనీ "లాగ్స్ లేవు" అంటే నమ్మడానికి ఆధారం ఏమిటి? 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు వారంటుతో ముల్‌వాడ్ అనే వీపీఎన్ ఆఫీసుకి వెళ్లి, ఇవ్వడానికి అక్కడ కస్టమర్ల డేటానే లేదని తెలుసుకుని ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. అలాంటి పరీక్ష నెగ్గిన కంపెనీలు తక్కువ. ముల్‌వాడ్‌లో చేరడానికి ఈమెయిల్ కూడా అక్కర్లేదు, ఒక ఖాతా నంబరు ఇస్తారు, నెలకి 5 యూరోలు. ఇక మీకు వార్త ఇచ్చే మనిషిని కాపాడాలంటే వీపీఎన్ ఒక్కటే చాలదు, ఆ మనిషితో మాట్లాడేది సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లో మాట్లాడండి, మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయేలా టైమ్ పెట్టండి.

ప్రశ్న: వాట్సాప్‌ని ఎవరూ చదవలేరంటారు. మరి టీవీ చానళ్లలో అందరి చాట్‌లూ స్క్రీన్ మీద ఎలా వేస్తున్నారు? (గృహిణి, విజయవాడ)

దారిలో ఎవరూ చదవలేరు, అది నిజమే. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో అన్ని మెసేజ్‌లకీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని తాళం) ఉంది, సిగ్నల్ వాళ్లు తయారుచేసిన పద్ధతే. కానీ ఎండ్ అంటే ఫోనే కదండీ, ఫోన్ తెరిచి ఉంటే ఎన్‌క్రిప్షన్ ఏం చేస్తుంది? 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద జనాన్ని ఆపి, వాట్సాప్ తెరిపించి, గంజాయి అని సెర్చ్ చేయించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఏ కోడూ ఛేదించలేదు, అడిగితే ఇచ్చేశారు, అంతే. టీవీలో వచ్చేవి కూడా ఎక్కువగా ఎవరో ఒకరి ఫోన్ నుంచి వచ్చిన స్క్రీన్‌షాట్లో, ఫోన్ స్వాధీనం చేసుకున్నాక కాపీ చేసినవో, బ్యాకప్ నుంచి తీసినవో అయి ఉంటాయి.

ఆ బ్యాకప్ సంగతి చాలామందికి తెలియదు. గూగుల్ డ్రైవ్‌లోకో ఐక్లౌడ్‌లోకో వెళ్లే చాట్ బ్యాకప్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ 2021లో వచ్చింది గానీ మనంతట మనం ఆన్ చేసుకోవాలి. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, అడుగున ఉంటుంది. పాస్‌వర్డ్ పెడితే ఎక్కడైనా రాసి బీరువాలో పెట్టుకోండి, మర్చిపోతే వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు. అలాగే లింక్డ్ డివైసెస్ (మీ వాట్సాప్ ఇంకెక్కడెక్కడ తెరిచి ఉందో చూపే జాబితా) అని ఉంటుంది, ఒకసారి తెరిచి చూడండి, మీకు తెలియని కంప్యూటర్ పేరు కనపడితే వెంటనే లాగౌట్ చేయండి. ఇంట్లోవాళ్లు నిఘా పెట్టడానికి ఈ దారి కూడా ఉంది.

టెలిగ్రామ్ ఇంకా సేఫ్ అనుకునేవాళ్లకి: కాదు. అందులో సీక్రెట్ చాట్ అని విడిగా మొదలుపెడితేనే ఎండ్ టు ఎండ్, మామూలు చాట్‌లూ గ్రూపులూ కంపెనీ తెరవగలిగేవే.

ప్రశ్న: గొడవలప్పుడు నెట్ ఆపేస్తే వీపీఎన్‌తో వస్తుందా? (అమలాపురం)

రాదు. 2022 మేలో మీ దగ్గర అల్లర్ల తర్వాత చూశారు కదా, అప్పుడు ఆపింది ఒక సైటుని కాదు, మొబైల్ డేటానే ఆపేశారు. సైట్లని ఆపితే వీపీఎన్ దాటిస్తుంది, నెట్టే లేనప్పుడు దాటడానికి దారి ఉండదు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లైతే వైర్ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్ ఉంచుకోండి, చాలాసార్లు మొబైల్ డేటా ఒక్కటే ఆపుతారు. అన్నిసార్లూ కాదు.

ప్రశ్న: మా అమ్మ వాట్సాప్‌లో వచ్చిన ట్రాఫిక్ చలాన్ ఫైల్ నొక్కింది, ఏదో యాప్ ఎక్కింది. ఫోన్లో వీపీఎన్ పెడితే బ్యాంకు డబ్బులు సేఫేనా? (హైదరాబాద్)

లేదు, వీపీఎన్ సంగతి వదిలేయండి, ఇది చదువుతుండగానే ఆ ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆఫ్ చేయండి. అలాంటి ఏపీకేలు (ప్లేస్టోర్ బయట నుంచి వచ్చే యాప్ ఫైళ్లు) ఎస్ఎంఎస్ చదివే పర్మిషన్ తీసుకుని ఓటీపీలు బయటికి పంపుతాయి, అవి ఫోన్ లోపలే కూర్చుని ఉంటాయి కాబట్టి బయట దారి ఎంత ఎన్‌క్రిప్ట్ చేసినా లాభం లేదు. మీ ఫోన్ నుంచి బ్యాంకుకి కాల్ చేసి అమ్మగారి ఖాతా, కార్డు, యూపీఐ ఆపించండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చేయండి, ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. పాస్‌వర్డులు, పిన్‌లు వేరే ఫోన్ నుంచే మార్చండి. ఆ తర్వాత ఫొటోలు కాపీ చేసుకుని ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, ఊరికే యాప్ డిలీట్ చేస్తే కొన్నిసార్లు పోదు. ఇంకోటి, అమ్మగారిని తిట్టకండి, తిడితే ఈసారి ఏదైనా నొక్కినప్పుడు మీకు చెప్పరు.